ధూళి పురుగుల అలర్జీ (వేడి ప్రాంతాలలో గృహ నివారణ)

ధూళి పురుగుల అలర్జీ అనునది ఇళ్ళలోని పరుపులు, దిండ్లు, దుప్పట్లు, తివాచీల వంటి వాటిలో నివసించే అతి సూక్ష్మమైన పురుగుల విసర్జకాల వలన, వాటి శరీర శిథిలాల వలన కొందరికి కలిగే అలర్జీ. తుమ్ములు, ముక్కు కారడం, ముక్కు దిబ్బడ, కళ్ళ దురద, దగ్గు, ఆయాసం దీని ముఖ్య లక్షణాలు. ఋతువుతో నిమిత్తం లేకుండా సంవత్సరం పొడవునా వేధించే జలుబుకు, పిల్లలలో కనిపించే ఉబ్బసానికి ప్రపంచమంతటా ఇది ఒక ప్రధాన కారణం. ఈ పురుగులు కుట్టవు, కరవవు, రక్తం పీల్చవు. వాటితో కలిసి జీవిస్తున్న వారిలో అత్యధికులకు వాటి ఉనికే తెలియదు.

ఈ అలర్జీకి సంబంధించి ప్రచారంలో ఉన్న సలహాలలో ఎక్కువ భాగం చలి దేశాలలో పుట్టినవి. అక్కడి ఇళ్ళలో గోడ నుండి గోడ వరకు తివాచీ ఉంటుంది. చలికాలమంతా కిటికీలు మూసి ఉంటాయి. బట్టలుతికే యంత్రం నీటిని తానే వేడి చేసుకుంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి వేడి ప్రాంతాలలో నేల సాధారణంగా బండలదో, సిమెంటుదో, టైల్సుదో అయి ఉంటుంది. ఎండ ధారాళంగా లభిస్తుంది. అయితే గాలిలోని తేమ, రాత్రిపూట చెమట, వేసవిలో వాడే కూలర్లు ఇక్కడి ప్రత్యేక సమస్యలు. అందువలన చలి దేశాల సలహాలను ఉన్నవి ఉన్నట్లుగా పాటిస్తే కొన్ని నిష్ప్రయోజనం, మరికొన్ని వ్యతిరేక ఫలితాన్నిస్తాయి.

పేరు

ఆంగ్లంలో వీటిని డస్ట్ మైట్ అంటారు. తెలుగులో ధూళి పురుగు, దుమ్ము పురుగు, డస్ట్ మైట్ అనే పేర్లు కలగాపులగంగా వాడుకలో ఉన్నాయి. వ్యవసాయ రచనలలో మైట్ అనే జీవిని నల్లి అని వ్యవహరిస్తారు. మిరప పంటను ఆశించే తెల్లనల్లి, ఎర్రనల్లి ఈ వర్గానికి చెందినవే. కానీ జనవ్యవహారంలో నల్లి అనగా మంచాల సందులలో దాగి రాత్రివేళ రక్తం పీల్చే కీటకం. ఆ నల్లికి ఆరు కాళ్ళు, అది కంటికి కనబడుతుంది. ధూళి పురుగుకు ఎనిమిది కాళ్ళు. ఇది సాలెపురుగు, తేలు, గోమారి ఉన్న వర్గానికి చెందినది. ఈ పేర్ల గందరగోళం వలన నల్లుల మందును పరుపుపై చల్లి అలర్జీ తగ్గుతుందని ఆశించేవారు ఉన్నారు. అందుచేత ఈ వ్యాసంలో ధూళి పురుగు అనే పేరే వాడబడినది.

పురుగు స్వభావం

ధూళి పురుగు పొడవు సుమారు 0.2 నుండి 0.3 మి.మీ. రంగు తెల్లగా, దాదాపు పారదర్శకంగా ఉండటం వలన మామూలు కంటికి ఆనదు. ఇళ్ళలో ముఖ్యంగా కనిపించే జాతులు మూడు: డెర్మటోఫాగాయిడిస్ టెరోనిస్సినస్, డెర్మటోఫాగాయిడిస్ ఫారినే, బ్లోమియా ట్రాపికాలిస్. డెర్మటోఫాగాయిడిస్ అనే మాటకు గ్రీకు మూలాన్ని బట్టి చర్మాన్ని తినేది అని అర్థం. ఇవి తినేది మనిషి ఒంటి నుండి నిత్యం రాలిపోయే మృతచర్మపు పొలుసులను. మూడవదైన బ్లోమియా ట్రాపికాలిస్ పేరుకు తగినట్లే ఉష్ణమండల నివాసి. సింగపూరు, బ్రెజిల్ వంటి తేమ దేశాలలో విస్తారంగా ఉంది. భారతదేశంలో కోల్‌కతా ఇళ్ళ ధూళిలో ఈ మూడు జాతులూ నమోదయ్యాయి.

అనుకూల పరిస్థితులలో గుడ్డు నుండి పెద్ద పురుగుగా మారడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ తరువాత సుమారు రెండు నెలలు జీవిస్తుంది. ఆడపురుగు తన జీవితకాలంలో 40 నుండి 80 వరకు గుడ్లు పెడుతుంది. ఒక్కో పురుగు రోజుకు సుమారు 20 విసర్జక గుళికలను విడుస్తుంది. అలర్జీకి ప్రధాన కారణం ఈ గుళికలే.

ధూళి పురుగు నీరు త్రాగలేదు. దానికి కావలసిన నీటిని గాలిలోని ఆవిరి నుండే సంగ్రహిస్తుంది. ముందుకాళ్ళ మొదళ్ళ వద్దనున్న గ్రంథులు లవణాలతో కూడిన ద్రవాన్ని స్రవిస్తాయి. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని నోటి వైపు జారతాయి. ముసురు పట్టిన రోజులలో జాడీలోని ఉప్పు చెమ్మగిల్లడం ఈ సూత్రం మీదనే జరుగుతుంది. శుద్ధమైన ఉప్పు సుమారు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద నీరుకారడం మొదలుపెడుతుంది. పురుగులు బాగా వృద్ధి చెందేది కూడా 70 నుండి 80 శాతం ఆర్ద్రతలోనే. కనుక వంటింట్లో ఉప్పు తడిసిపోతున్న రోజులు పడకగదిలో పురుగులు పెరుగుతున్న రోజులని స్థూలంగా భావించవచ్చు. ఆర్ద్రత 50 శాతానికి దిగువన నిలకడగా ఉంటే పెద్ద పురుగులు క్రమంగా ఎండి చనిపోతాయి.

చరిత్ర

ఇంటి ధూళి ఉబ్బసాన్ని రేపుతుందని వైద్యులకు 1920ల నాటికే తెలుసు. ధూళి సారంతో చర్మ పరీక్షలు చేసేవారు. ధూళిలో ఏ పదార్థం వలన ఇది జరుగుతుందో మాత్రం చాలాకాలం తేలలేదు. డెర్మటోఫాగాయిడిస్ టెరోనిస్సినస్ పురుగును ఫ్రెంచి శాస్త్రవేత్త ట్రూఎస్సార్ 1897లోనే వర్ణించినా, దానికీ అలర్జీకీ ఉన్న సంబంధాన్ని 1960లలో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వోర్‌హోర్స్ట్, స్పీక్స్మా తదితరులు నిరూపించారు. తేమగా ఉండే ఇళ్ళలో ధూళి ఎక్కువ అలర్జీ కలిగిస్తుందన్న పరిశీలనే వారిని ఈ పురుగు వద్దకు చేర్చింది. 1980లో ఛాప్‌మన్, ప్లాట్స్-మిల్స్ ఈ పురుగు ప్రధాన అలర్జీకారక మాంసకృత్తును వేరుపరచారు. దానిని నేడు డెర్ పి 1 అని పిలుస్తున్నారు.

అలర్జీ కలిగే విధానం

డెర్ పి 1 పురుగు జీర్ణకోశంలోని ఒక ఎంజైము. బొప్పాయి పాలలో ఉండే పపైన్ కూడా ఇదే కుటుంబానికి చెందినది. మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి రాస్తే జరిగే పని వంటిదే ఇది శ్వాసనాళాల లోపొర మీద స్వల్పస్థాయిలో చేస్తుంది. కణాల మధ్యనున్న బిగువైన అతుకులను సడలించి తనకూ, ఇతర అలర్జీకారకాలకూ దారి ఏర్పరచుకుంటుంది. వంశపారంపర్యంగా అలర్జీ స్వభావం ఉన్నవారి శరీరం దీనికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. తరువాత ఆ పదార్థం మళ్ళీ సోకినప్పుడు హిస్టమిన్ మొదలైన రసాయనాలు విడుదలై తుమ్ములు, వాపు, ఆయాసం కలుగుతాయి.

గుళికల పరిమాణాన్ని గుర్తుంచుకోవడం అవసరం. ఇవి సుమారు 10 నుండి 40 మైక్రాన్ల వ్యాసం కలిగి, పుప్పొడి రేణువుల వలె బరువైనవి. పరుపు దులిపినప్పుడు గాలిలోకి లేచి, ఇరవై ముప్పై నిమిషాలలో తిరిగి కిందకు దిగుతాయి. పిల్లి అలర్జీకారకం వలె గంటల తరబడి గాలిలో తేలవు. గాలిశుద్ధి యంత్రాలు ఈ అలర్జీకి అంతగా ఉపకరించకపోవడానికి కారణం ఇదే. శుద్ధి చేయవలసిన పదార్థం గాలిలో ఉండేది తక్కువ, ముక్కు ఆనించి పడుకున్న దిండులో ఉండేది ఎక్కువ.

లక్షణాలు, నిర్ధారణ

నిద్ర లేవగానే వరుస తుమ్ములు రావడం, పక్క సర్దేటప్పుడు లేక బీరువాలోని పాత దుప్పట్లు తీసేటప్పుడు ముక్కు కారడం, రాత్రి పడుకున్న తరువాత దగ్గు, పిల్లికూతలు ఎక్కువ కావడం ఈ అలర్జీని అనుమానించదగిన సూచనలు. పసిపిల్లలలో చర్మం పొడిబారి దురదపెట్టే ఎక్జిమా దీనివలన తీవ్రం కావచ్చు. పండుగలకు ముందు బూజు దులిపే రోజున ఉబ్బసం రేగడం కూడా సాధారణంగా కనిపిస్తుంది.

అయితే లక్షణాలను బట్టి మాత్రమే కారణాన్ని నిర్ణయించరాదు. బొద్దింకలు, బూజు, పెంపుడు జంతువులు, వయ్యారిభామ వంటి కలుపుమొక్కల పుప్పొడి కూడా ఇవే లక్షణాలను కలిగిస్తాయి. ముంజేతి చర్మంపై అలర్జీకారక ద్రావణపు చుక్క వేసి సూదితో తేలికగా గుచ్చే పరీక్షలో పదిహేను ఇరవై నిమిషాలలో ఫలితం తెలుస్తుంది, 3 మి.మీ. లేదా అంతకు మించిన దద్దురు వస్తే ఆ అలర్జీ ఉన్నట్లు పరిగణిస్తారు. ఈ పరీక్షకు ముందు దాదాపు వారం రోజులు యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపవలసి ఉంటుంది. రక్తంలోని ఐజీఈని కొలిచే పరీక్షకు ఆ నియమం లేదు. ఉష్ణమండలంలో బ్లోమియా జాతిని కూడా పరీక్షలో చేర్చడం మంచిది. పరీక్షలో దద్దురు వచ్చినా రోజువారీ జీవితంలో ఏ బాధా లేనివారు ఇల్లంతా మార్చుకోనవసరం లేదు.

వేడి ప్రాంతాలలో తేమ పాత్ర

ఎండలు మండిపోయే చోట పురుగులు బ్రతకవనే అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉన్నంత మాత్రాన పురుగులు నశించవు. వాటి బ్రతుకును నిర్ణయించేది ప్రధానంగా తేమ. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాలలో సంవత్సరంలో అధికభాగం ఆర్ద్రత 70 శాతం చుట్టుపక్కల ఉంటుంది కనుక అక్కడ పురుగులకు సెలవులు లేవు. హైదరాబాదు వంటి దక్కను పీఠభూమి ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు ఆర్ద్రత 30 శాతం దరిదాపులకు పడిపోతుంది. వర్షాకాలంలో తిరిగి 80 శాతం దాటుతుంది. అందువలన ఇక్కడ వేసవిలో పురుగులు తగ్గి, వానలతో పెరిగి, వాన వెలిసిన తరువాతి నెలలలో బాధ ఎక్కువ కావడానికి అవకాశం ఉంది. పురుగులు చనిపోయినా అవి విడిచిన గుళికలు పరుపులోనే మిగిలి ఉంటాయి.

వేసవిలో తగ్గిన పురుగులు తొలకరితో మళ్ళీ ఎక్కడినుండి వస్తాయన్న ప్రశ్నకు సమాధానం వాటి జీవితచక్రంలోనే ఉంది. డెర్మటోఫాగాయిడిస్ ఫారినే తన పెరుగుదలలో ఒక దశలో (ప్రోటోనింఫ్) నిశ్చలంగా ఉండిపోయి, నెలల తరబడి పొడి వాతావరణాన్ని తట్టుకోగలదు. తేమ తిరిగి రాగానే ఎదుగుదలను కొనసాగిస్తుంది. దీనికి తోడు పరుపు తానే ఒక తేమ నిలయం. గదిలో గాలి పొడిగా ఉన్నా, పడుకున్న మనిషి చెమట, శరీరపు వేడి వలన పరుపు పైపొరలలో రాత్రిపూట కొన్ని గంటలు తేమ నిలుస్తుంది. రోజులో కొద్ది గంటల తేమ లభించినా పురుగులు మిగిలిన సమయాన్ని నెట్టుకురాగలవని ప్రయోగాలలో తేలింది.

కిటికీలు తెరవాలన్న సలహాను ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించాలి. చలి దేశాలలో శీతాకాలపు బయటి గాలిలో నీటి ఆవిరి చాలా తక్కువ. అది ఇంట్లోకి వచ్చి వేడెక్కినప్పుడు గది పొడిబారుతుంది. కనుక అక్కడ కిటికీ తెరవడం పురుగుల నివారణకు మంచి ఉపాయం. ఆగస్టు నెలలో కాకినాడలో కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది తేమగాలే. అదే ఏప్రిల్ మధ్యాహ్నం కరీంనగర్‌లో తెరిస్తే గది పొడిబారుతుంది. వంట పొగ, గాలి మార్పిడి దృష్ట్యా కిటికీలు తెరవడం ఎక్కడైనా అవసరమే కానీ దానివలన పురుగులు తగ్గుతాయా లేదా అన్నది ఊరునూ నెలనూ బట్టి ఉంటుంది. గదిలోని ఆర్ద్రతను చూపే చిన్న హైగ్రోమీటరు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరుకుతుంది. ఊహించడం కంటే కొలవడం మేలు.

కూలర్లు, ఏసీలు

తడి గడ్డి లేదా తేనెపట్టు ఆకారపు అట్టల గుండా గాలిని పంపి చల్లబరిచే కూలరు గదిలోని ఆర్ద్రతను బాగా పెంచుతుంది. సహజంగా పురుగులు అరుదైన అమెరికా పశ్చిమ భాగపు పొడి ప్రాంతాలలో సైతం, ఇటువంటి కూలర్లు వాడే ఇళ్ళలో పురుగులు ఎక్కువగా ఉన్నట్లు పరిశోధనలు తెలిపాయి. దక్కనులో వేసవి ఎండ చేసే మేలును కూలరు పడకగదిలో రద్దు చేస్తుంది. ఏసీ కొనే స్తోమత లేని కుటుంబాలకు కూలరు మానమని చెప్పడం సులభం కాదు. అటువంటివారు కూలరును కిటికీ బయట అమర్చి, ఎదురుగా మరో కిటికీ తెరిచి ఉంచడం, తెల్లవారుజామున నీటి పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపడం, పగలు పరుపును ఎండలో ఆరబెట్టడం ద్వారా నష్టాన్ని కొంత తగ్గించవచ్చు. తొట్టెలోని నీటిని తరచు మార్చకపోతే బూజు, దోమలు అదనపు సమస్యలు.

ఏసీ చల్లబరచడంతో పాటు గాలిలోని నీటిని బయటకు పంపుతుంది కనుక పురుగుల దృష్ట్యా మేలైనది. తీరప్రాంతపు వానాకాలంలో చల్లదనం అక్కరలేనప్పుడు డ్రై మోడ్ అనే అమరిక ఉపయోగపడుతుంది. అయితే రాత్రి నాలుగు గంటలు నడిపి ఆపితే తేమ తిరిగి చేరుతుంది. దాని జల్లెడలను నెలకొకసారైనా కడగకపోతే బూజు పడుతుంది.

పడక

మనిషి రోజులో మూడవవంతు సమయం పడకపైనే గడుపుతాడు. ముక్కు నోరు దిండుకు ఆనుకొని ఉంటాయి. కాబట్టి ఇల్లంతా శుభ్రం చేయడానికి ఓపిక, డబ్బు లేనివారు పడక ఒక్కదాని మీద దృష్టి పెట్టడం సబబు.

దూది పరుపు, బూరుగుదూది దిండు, కొబ్బరిపీచు పరుపు, ఫోము పరుపు వీటిలో దేనినీ పురుగులు వదలవు. ఈకల దిండ్ల కంటే సింథటిక్ దిండ్లు సురక్షితమనే పాత నమ్మకం పరిశోధనలలో నిలవలేదు. పరుపును, దిండును పూర్తిగా కప్పి జిప్పుతో మూసే గలీబులలో 10 మైక్రాన్ల కంటే చిన్న రంధ్రాలున్న దట్టమైన నేతగుడ్డ మంచిది. పిల్లలు పక్క తడపకుండా వాడే ప్లాస్టిక్, రెక్సిన్ తొడుగులు కూడా పురుగులను ఆపుతాయి. కానీ మన వాతావరణంలో అవి చెమటతో అంటుకొని నిద్ర పట్టనివ్వవు. నాలుగు రోజులకు తీసి పక్కన పడేస్తారు. ఖరీదు కంటే ముందు ఈ సంగతి ఆలోచించవలెను.

పరుపే లేకపోవడం కూడా ఒక పరిష్కారం. నులకమంచం లేదా నవారు మంచం మీద, లేదా తుంగచాప మీద ఉతికిన దుప్పటి పరచుకొని పడుకుంటే పురుగులకు దొరికే లోతైన నివాసం తగ్గిపోతుంది. అయితే చాపపై పరిచే బొంతను ఏళ్ళ తరబడి ఉతకకపోతే అదే చిన్న పరుపు అవుతుంది. పాత దూది పరుపును ఏకించి మళ్ళీ కుట్టించేటప్పుడు లేచే ధూళి తీవ్రమైనది. అలర్జీ ఉన్నవారు ఆ దరిదాపులలో ఉండరాదు. చలికాలం మొదట్లో పెట్టెల నుండి తీసే కంబళ్ళు, రగ్గులు ముందుగా ఉతికి లేదా ఎండబెట్టి వాడాలి.

ఉతకడం, ఎండబెట్టడం

దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి ఉతకాలి. చల్లనీటితో ఉతికినా అలర్జీకారకంలో చాలా భాగం నీటిలో కరిగి పోతుంది గానీ పురుగులలో ఎక్కువ భాగం చావవు. 55 డిగ్రీలు లేదా అంతకు మించిన వేడి నీటిలో అన్నీ చనిపోతాయని 1992లో ఆస్ట్రేలియా పరిశోధకులు మెక్‌డొనాల్డ్, టోవే చూపారు. నీటిని వేడి చేయని యంత్రాలు ఉన్న ఇళ్ళలో, చేతితో ఉతికే ఇళ్ళలో ఒక సులభమైన లెక్క ఉపకరిస్తుంది: మరిగే నీటికి సమానంగా 30 డిగ్రీల కుళాయి నీరు కలిపితే మిశ్రమం సుమారు 65 డిగ్రీలు ఉంటుంది. బకెట్టు, బట్టలు కొంత వేడిని పీల్చుకున్నా మొదట్లో కావలసిన వేడి మిగులుతుంది. అందులో బట్టలను ముంచి, మూత పెట్టి అరగంట నానబెట్టిన తరువాత మామూలుగా ఉతకవచ్చు. ముందు బకెట్టులో చల్లనీరు పోసి తరువాత వేడినీరు కలపాలి. పిల్లలను దగ్గరకు రానీయకూడదు.

వేడి ప్రాంతాలకు ప్రకృతి ఇచ్చిన సాధనం ఎండ. ఎండలో నేలపై పరిచిన తివాచీలలోని పురుగులన్నీ చనిపోగలవని 1994లో టోవే, వూల్‌కాక్ ప్రచురించారు. ఎండ రెండు విధాల పనిచేస్తుంది. వేడితో చంపుతుంది, తేమను లాగివేస్తుంది. డాబా మీద కాలే సిమెంటు నేలపై పలుచటి బొంత, తివాచీ, దిండు రెండు వైపులా తిప్పుతూ నాలుగైదు గంటలు ఉంచితే మంచి ఫలితం ఉంటుంది. మందమైన పరుపు లోపలి పొరలకు అంత వేడి చేరదు కనుక దానికి ఒక్కరోజు ఎండ చాలదు. ఎండబెట్టిన తరువాత బయటే గట్టిగా దులపాలి. ఆ పనిని అలర్జీ లేనివారు చేయాలి. చచ్చిన పురుగు కూడా అలర్జీ కలిగిస్తుందన్నది మరువరాదు. ఎండలో ఆరవేసిన పరుపును సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసుకురావాలి.

ఉతకడానికి వీలుకాని గుడ్డ బొమ్మలను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఫ్రీజరులో ఒక రోజు పూర్తిగా ఉంచితే పురుగులు చస్తాయి. తరువాత బయట దులపడమో, వీలైతే నీటితో తుడవడమో చేయాలి.

నేల, గోడలు

బండలు, టైల్సు పరిచిన నేల పురుగులకు అనుకూలం కాదు. అయినా పరుపు నుండి రాలిన ధూళి నేలపై చేరుతుంది. పొడి చీపురుతో ఊడిస్తే అది మళ్ళీ గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం మేలు. ఊడ్చక తప్పనప్పుడు అలర్జీ ఉన్నవారు గది వదిలి అరగంట తరువాత రావాలి. సీలింగు ఫ్యాను రెక్కలను, కిటికీ చువ్వలను తడిగుడ్డతో తుడవాలి. దోమతెర అవసరమే కానీ దుప్పటితో పాటు దానినీ ఉతకాలి. మెత్తటి సోఫాలు, బరువైన తెరలు పడకగదిలో లేకుంటే మంచిది. మామూలు వాక్యూమ్ క్లీనరు సన్నని ధూళిని వెనుకనుండి బయటకు చిమ్ముతుంది. హెపా జల్లెడ ఉన్న యంత్రం ఆ పని చేయదు.

ప్రయోజనం లేనివి, హాని చేసేవి

సాంబ్రాణి, గుగ్గిలం పొగ, అగరుబత్తులు, దోమల చక్రాలు ధూళి పురుగులను నిర్మూలించవు. వాటి పొగ ముందే వాచి ఉన్న శ్వాసనాళాలను మరింత బాధిస్తుంది. పసిపిల్లల తలకు సాంబ్రాణి పొగ వేసే ఆచారం ఉన్న ఇళ్ళలో బిడ్డకు పిల్లికూతలు ఉంటే దానిని మానడం క్షేమం. దుప్పట్ల మధ్య వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా ఘాటైనవి. జి6పిడి లోపమున్న శిశువులకు అవి రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదాన్ని తెస్తాయి. బెంజైల్ బెంజోయేట్ వంటి పురుగుమందులు ప్రయోగశాలలో పురుగులను చంపినా ఇళ్ళలో వాటివలన రోగికి కలిగిన లాభం స్వల్పం.

కొండప్రాంతాలకు వెళితే నయమవుతుందన్న మాటకు ఒక చరిత్ర ఉంది. స్విట్జర్లాండులో సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న దావోస్‌లో గాలి పొడిగా ఉండి పురుగులు అరుదు. అక్కడ ఉబ్బసం పిల్లలు కోలుకునేవారు. కానీ మేలు చేసింది ఎత్తు కాదు, పొడిదనం. దక్షిణ అమెరికాలో అంతకంటే ఎత్తైన బొగోటా, క్విటో నగరాలలో తేమ వలన పురుగులు సమృద్ధిగా ఉన్నాయి.

పిండిలో పురుగులు

వేడి, తేమ ఉన్న చోట్ల ధూళి పురుగులు గోధుమపిండి, మైదా, తయారుగా అమ్మే పిండి మిశ్రమాలలో కూడా చేరతాయి. అలర్జీ ఉన్నవారు అటువంటి పిండితో చేసిన పదార్థం తిన్నప్పుడు దద్దుర్లు, ఆయాసం, ప్రాణాపాయకరమైన అనాఫిలాక్సిస్ కలిగిన సంఘటనలు వెనెజులా తదితర దేశాల నుండి నమోదయ్యాయి. వండినంత మాత్రాన ఈ అలర్జీకారకాలన్నీ నశించవు. విప్పిన పిండి పొట్లాన్ని గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో ఉంచడం, పాతబడినదాన్ని పారవేయడం దీనికి నివారణ. పురుగులలోని ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు రొయ్యలలోని దానిని పోలి ఉంటుంది. కొందరికి రెండూ పడవు. రొయ్యలు ఇబ్బంది లేకుండా తింటున్నవారు ఈ కారణంగా మానవలసిన పని లేదు.

పరిశోధనల ఫలితాలు

ఈ జాగ్రత్తలు ఎంతవరకు పనిచేస్తాయన్నది వివాదాస్పదం. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలలో, పరుపుల తొడుగులు మాత్రమే వాడిన ఉబ్బసపు పెద్దలకు గానీ, ముక్కు అలర్జీ ఉన్నవారికి గానీ చెప్పుకోదగిన లాభం కనబడలేదు. 2008లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా ఉబ్బసంలో పురుగుల నివారణ పద్ధతులను సమర్థించలేదు. మరోవైపు 2004లో అదే పత్రికలో ప్రచురితమైన అమెరికా నగరాల అధ్యయనంలో ఒక్కో పిల్లవాడికి పడని వాటిని గుర్తించి పడక, ధూళి, బొద్దింకలు, పొగ అన్నిటిపై కలిపి చర్య తీసుకున్నప్పుడు ఉబ్బసం లక్షణాలున్న రోజులు తగ్గాయి. 2017లో వెలువడిన ఇంగ్లండు అధ్యయనంలో పురుగుల అలర్జీ ఉన్న ఉబ్బసపు పిల్లలకు తొడుగులు వాడగా, ఉబ్బసం తీవ్రమై ఆసుపత్రికి వెళ్ళవలసిన సందర్భాలు తగ్గాయి.

వీటిని కలిపి చూస్తే ఒక్క వస్తువు కొని ఊరుకుంటే ఫలితం ఉండదని, అలర్జీ రుజువైన పిల్లల విషయంలో అనేక జాగ్రత్తలు ఒకేసారి పాటిస్తే ఉండవచ్చని తెలుస్తుంది. ఈ అధ్యయనాలు జరిగినవి ఎక్కువగా సమశీతోష్ణ దేశాలలో. ఫలితం కనబడటానికి వారాలు కాదు, నెలలు పడుతుంది.

వైద్యం

ఇంటి జాగ్రత్తలు మందులకు ప్రత్యామ్నాయం కావు. పరుపు మార్చాము కదా అని పిల్లల ఇన్‌హేలరు ఆపివేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు; అదుపులో లేని ఉబ్బసం ప్రాణాంతకం. ఇన్‌హేలరుకు అలవాటు పడిపోతారన్న భయం నిరాధారం. దానిలోని స్టెరాయిడు మోతాదు మైక్రోగ్రాములలో ఉండి నేరుగా శ్వాసనాళాలకు చేరుతుంది. తాత్కాలిక ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలరు ఒక్కదానితోనే నెట్టుకురావడం పెద్దలకు, కౌమారవయస్కులకు తగదని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శక సంస్థ జినా 2019 నుండి చెబుతున్నది. మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలబడటం, ఇన్‌హేలరుకు లొంగకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ముక్కు అలర్జీకి స్టెరాయిడు స్ప్రేలు, మత్తు తక్కువగా కలిగించే యాంటీహిస్టమిన్లు వాడతారు. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం కొందరికి ఊరటనిస్తుంది. యోగాభ్యాసకులు దీనినే జలనేతి అంటారు. దీనికి మరిగించి చల్లార్చిన నీటినే వాడవలెను. కుళాయి నీటి ద్వారా అరుదుగా మెదడును దెబ్బతీసే అమీబా ప్రవేశించే ప్రమాదం ఉంది.

అలర్జీ మూలాన్నే మార్చగల చికిత్స ఇమ్యునోథెరపీ. పురుగుల సారాన్ని కొద్ది మోతాదులతో మొదలుపెట్టి ఇంజక్షన్లుగా గానీ, నాలుక కింద చుక్కలు లేక మాత్రలుగా గానీ సాధారణంగా మూడు నుండి ఐదు సంవత్సరాలు ఇస్తారు. నాలుక కింద ఉంచుకునే పురుగుల మాత్రకు ఐరోపాలో 2015లోను, అమెరికాలో 2017లోను అనుమతి లభించింది. ఇంజక్షను తరువాత అరగంట వైద్యుని పర్యవేక్షణలో ఉండటం తప్పనిసరి. ఉబ్బసం అదుపులో లేనివారికి ఈ చికిత్సను ప్రారంభించరు.

ఇవి కూడా చూడండి

ఉబ్బసం
అలర్జీ
సాపేక్ష ఆర్ద్రత
నల్లి